చిన్నవాడున్న చోట

ధ్యాన భాగములు: ఆదికాండము 21:8–21, న్యాయాధిపతులు 11:1–11, సామెతలు 18:13



పెద్దాపురము చుట్టుపట్ల గ్రామములలోని మన సంఘముల పిల్లలు పదవ తరగతి ముగించి కాకినాడకో రాజమహేంద్రవరమునకో చదువులకు పోవుచున్నారు. వారి సంచులలో పాఠ్యపుస్తకములతోపాటు కథల పుస్తకములును ఉండును. అట్టి కథలను గూర్చి తల్లిదండ్రులకు కలుగు సందేహము ఒకటి కలదు. “ఈ పుస్తకములోని కుర్రవాడు పెద్దలందరిని వెక్కిరించును, అబద్ధములాడును, చదువు పాడుచేసికొనును. అట్టివానిని అర్థము చేసికొనుమని మా పిల్లలకు బోధించుచున్నారు. వానిని అర్థము చేసికొనుట వాని తప్పును ఒప్పు అనుట కాదా?”

ఈ సందేహమును తేలికగా త్రోసివేయరాదు. ఒకని మనస్సును గ్రహించుట ఒక చేను, వాని తప్పును సమర్థించుట మరియొక చేను. రెండింటి నడుమ గట్టు ఎక్కడ నున్నదో మనము తెలిసికొనవలెను. ఇది పుస్తకములలోని కుర్రవానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. మన ఇంటి అరుగుమీద తల వంచుకొని కూర్చుండి, మూడు సారులు పిలిచినను పలుకని పదహారేండ్ల కుమారునికి సంబంధించిన ప్రశ్న.

ఒక కుర్రవాడు చెప్పిన కథ

ఈ విధమైన పుస్తకములలో మిక్కిలి పేరుపొందినది అమెరికా రచయిత జె. డి. శాలింజర్ 1951లో ప్రకటించిన ‘ది క్యాచర్ ఇన్ ది రై’. రై అనునది గోధుమవంటి ఒక ధాన్యము. కథ చెప్పువాడు హోల్డెన్ కాల్‌ఫీల్డ్ అను కుర్రవాడు. కథ జరిగినప్పుడు వాని వయస్సు 16 ఏండ్లు. చెప్పునప్పుడు 17 ఏండ్లు. ఐదు సబ్జెక్టులలో నాలుగింట తప్పినందున క్రిస్మస్‌కు ముందు వానిని హాస్టలు బడినుండి తీసివేసిరి. ఆ వార్త తల్లిదండ్రులకు చేరకముందే ఇల్లు చేరుటకు వెరచి, న్యూయార్కు పట్టణములో హోటళ్లయందును వీధులయందును ఒంటరిగా తిరుగును. పైకి చూచిన కథ ఇంతే.

పెద్దల అభ్యంతరములో న్యాయము లేకపోలేదు. ఈ కుర్రవాడు త్రాగును, పొగ పీల్చును, మాట మాటకు ఒట్టు పెట్టుకొనును. తాను గొప్ప అబద్ధికుడనని తానే ఒప్పుకొనును. అమెరికాలోనే అనేక పాఠశాలలు ఈ పుస్తకమును తమ గ్రంథాలయములనుండి తీసివేసినవి. ఆ భాష మన ఇండ్లలో బిగ్గరగా చదువదగినది కాదు.

అయితే ఓపికతో చదువువారికి వేరొక సంగతి కనబడును. వానికి 13 ఏండ్లున్నప్పుడు ఆలీ అను తమ్ముడు రక్తపు క్యాన్సరుతో చనిపోయెను. తమ్ముడు బంతి ఆటలో తొడిగిన తోలు తొడుగు ఒకటి ఉన్నది. ఆటలో ఊరక నిలువవలసిన వేళ చదువుకొనుటకై ఆ బాలుడు దానిమీద ఆకుపచ్చ సిరాతో పద్యములు వ్రాసికొనెను. తమ్ముడు పోయిన రాత్రి హోల్డెన్ కారు షెడ్డు కిటికీల అద్దములన్నిటిని పిడికిలితో పగులగొట్టెను. చేయి గాయపడి ఆసుపత్రిలో ఉన్నందున తమ్ముని సమాధి కార్యమునకు కూడ పోలేదు. కిటికీలు పగులగొట్టినందుకు వానిని మనోవైద్యునికి చూపవలెనని ఇంటివారు తలంచిరి. పగిలిన అద్దములు అందరికిని కనబడినవి గాని, పగిలిన వాని గుండెను గూర్చి ఎవరైనను వానితో కూర్చుండి మాట్లాడినట్లు ఆ పుస్తకములో లేదు. అందువలన వాడు చనిపోయిన తమ్మునితోనే మాట్లాడుకొనును. వీధి దాటునప్పుడు తాను మాయమైపోవుదునేమో అని భయపడి, నన్ను పోనియ్యకుమని ఆ తమ్మునినే వేడుకొనును.

వాని వెక్కిరింపు నేలపైకి వచ్చిన ముల్లు. దాని వేరు సమాధిలో నున్నది.

సహోదరులారా, మన పల్లెలలో ఒక ఇంట మరణము జరిగినప్పుడు మనమేమి చేయుచున్నాము? తల్లిని చుట్టుకొని స్త్రీలు ఏడ్చుదురు. తండ్రి ప్రక్కను పెద్దలు కూర్చుందురు. జ్ఞాపకార్థ కూడికలో విధవరాలి పేరట, వృద్ధులైన తల్లిదండ్రుల పేరట ప్రార్థింతుము. అది మంచిదే. ఆ సమయమున చనిపోయినవాని తమ్ముడు ఎక్కడ నున్నాడు? కుర్చీలు మోయుచున్నాడు, మంచినీళ్లు అందించుచున్నాడు. “గట్టివాడురా, ఏడ్వలేదు” అని వానిని మెచ్చుకొందుము. రెండేండ్ల తరువాత వాడు చదువు విడిచి, గుడికి వచ్చుట మాని, ఎదురు మాటలాడినప్పుడు, వానికేమి పట్టినదని ఆశ్చర్యపడుదుము.

మన తెలుగు ఇంటిలో

ఇది అమెరికావారి వ్యాధి, మనకు లేదు అనుకొనవద్దు. ఏలూరులో 1916లో జన్మించిన శివరాజు వెంకట సుబ్బారావుగారు బుచ్చిబాబు అను పేరుతో ‘చివరకు మిగిలేది’ అను నవలను 1940ల దశాబ్దములోనే వ్రాసిరి. శాలింజర్ పుస్తకముకంటె ఇది ముందటిది. అందులో దయానిధి వైద్యము చదువుకొను యువకుడు, హోల్డెన్‌కంటె పెద్దవాడు. కథను అతడే చెప్పడు గాని కథలో ఎక్కువ భాగము అతని మనస్సులోనే నడచును. అతని తల్లి నడవడిని గూర్చి లోకము ఒక మాట చెప్పుకొనెను. ఆ మాట కుమారుని వెంబడించెను. చదువులో, ప్రేమలో, పెండ్లిలో, వైద్యవృత్తిలో ఎక్కడికి పోయినను అతనికంటె ముందు ఆ మాటయే పోయి కూర్చుండెను. కోస్తా జిల్లాలు విడిచి రాయలసీమకు పోయినను దానినుండి విడుదల దొరకలేదు. దయానిధి అనగా దయకు నిధి. లోకము ఎవనికి దయ చూపలేదో వానికి రచయిత ఆ పేరు పెట్టెను.

ఈ కథ మన బైబిలులోను ఉన్నది. గిలాదువాడైన యెఫ్తా వేశ్యకు పుట్టినవాడు. ఇంటి ఇల్లాలి కుమారులు పెద్దవారై, మా తండ్రి ఆస్తిలో నీకు పాలు లేదని అతనిని వెళ్లగొట్టిరి. అతడు టోబు దేశమునకు పారిపోయెను. పనిలేని అల్లరి జనులు అతని యొద్ద చేరిరి. అతడు ఏ తప్పు చేసినందున వెళ్లగొట్టబడెను? పుట్టుట తప్ప మరేమియు లేదు. తరువాత అమ్మోనీయులతో యుద్ధము వచ్చినప్పుడు, గిలాదు పెద్దలే నడచి పోయి, మాకు అధిపతివి కమ్మని బ్రతిమాలిరి. అప్పుడు యెఫ్తా వారిని అడిగిన దానిని చదువుడి (న్యాయా. 11:7). మీరు నన్ను ద్వేషించి నా తండ్రి ఇంటనుండి తోలివేసినవారు కారా, మీకు శ్రమ కలిగిన వేళ నా యొద్దకేల వచ్చితిరి అని ఆ ప్రశ్నకు భావము. ఆ పెద్దలు దానికి సూటియైన జవాబు చెప్పలేకపోయిరి. ఊరు తోలివేసిన కుర్రవారు అడుగు ప్రశ్న నేటికిని ఇదే.

తండ్రులు పుల్లని ద్రాక్షలు తిన్నందున పిల్లల పళ్లు పులిసెనను సామెతను ఇక పలుకవద్దని దేవుడు యెహెజ్కేలుచేత చెప్పించెను (18వ అధ్యాయము). పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని అడుగగా, ప్రభువు ఆ రెండు లెక్కలను కొట్టివేసెను (యోహాను 9). అయినను మన బావియొద్దను, టీ కొట్టుయొద్దను ఆ పాత సామెతయే నడచుచున్నది. “వాడా? వాని తల్లి సంగతి తెలియదా?” అని పెద్దలు చెప్పుకొను మాట గోడ ప్రక్కనున్న పిల్లవాని చెవిలో పడును. పెద్దలు మరునాడే మరతురు. పిల్లవాడు జీవితమంతయు మోయును.

మరియొక విధమైన ఎడబాటు కూడ కలదు. తెలంగాణ పల్లెలో పుట్టిన నవీన్ 1969లో ప్రకటించిన ‘అంపశయ్య’ నవలలో రవి అను విద్యార్థి ఉస్మానియా విశ్వవిద్యాలయపు హాస్టలులో ఉండును. అతని ఒక్క దినపు తలంపులే పుస్తకమంతయు. అంపశయ్య భీష్ముడు పండుకొన్న బాణముల పడక. పేద పల్లె ఇంటి కుర్రవాడు పట్టణపు చదువులో ఆ విధముగా పండుకొనియున్నాడని రచయిత భావము. మన ఇండ్లలో మొదటి తరము చదువరులకు ఇది తెలియును. తండ్రి కూలి డబ్బుతో ఫీజు కట్టును. కుమారుడు నేర్చినది తండ్రికి చెప్పలేడు, తండ్రి పడినది కుమారుడు అడుగలేడు. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరి నడుమ అన్నము కంచమున్నది, మాట లేదు. అప్పుడు వాడు సెల్‌ఫోను చేత పట్టుకొనును. మనము దానినే నిందింతుము.

వాని ఫిర్యాదులో నిజమెంత?

హోల్డెన్‌కు నచ్చని దొకటే: వేషము. పెద్దలందరు బూటకపువారని వాని మాట. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుని గూర్చి వాడు చెప్పు సంగతి వినుడి. పిల్లలను చూచుటకు తల్లిదండ్రులు వచ్చు దినమున, చక్కని బట్టలు కట్టినవారితో ఆయన చాలసేపు మాట్లాడును. మోటుగా కనబడువారికి చేయి తగిలించి, పైపై నవ్వు నవ్వి దాటిపోవును. ఇది యాకోబు పత్రిక 2వ అధ్యాయమే కదా! బంగారు ఉంగరమువానికి మంచి చోటును, మురికి బట్టలవానికి పాదపీఠము దగ్గర చోటును ఇచ్చుట తగదని అపొస్తలుడు వ్రాసెను. పదహారేండ్లవాడు ఆ పత్రిక చదువకయే ఆ సంగతిని చూచెను.

శవముల కార్యములు చౌకగా జరిపించి ధనము సంపాదించిన మరియొకాయన బడికి విరాళమిచ్చెను. ఒక హాస్టలు భాగమునకు ఆయన పేరు పెట్టిరి. ఆయన వచ్చి, కారు నడుపునప్పుడు కూడ నేను యేసుతో మాట్లాడుదునని పిల్లలకు ప్రసంగించెను. ఇంకను కొన్ని శవములు పంపుమని ప్రార్థించునేమో అని హోల్డెన్ మనస్సులో నవ్వుకొనును. మనకు కోపము రావచ్చును. కాని మన గుడి గోడలమీది శిలాఫలకములను, ప్రతి బల్లమీదను ఫ్యానుమీదను వ్రాయించుకొన్న దాతల పేర్లను మన పిల్లలు ఏమని చదువుచున్నారో అడిగితిమా? ఆ నవ్వు మనమీదికి తిరిగినప్పుడు, అది అవిశ్వాసమని తీర్పు తీర్చుటకు ముందు, అది నిజమా అని చూచుకొనుట మేలు.

అయినను గట్టు ఇక్కడనే వేయవలెను. వాని చూపులో నిజమున్నది. వాని హృదయములో కొరత కూడ ఉన్నది. అందరి ముసుగులు లాగు వాడే తన పేరు మార్చి చెప్పును, అక్కరలేని అబద్ధములాడును. సహోదరుని కంటిలోని నలుసును వెదకువాడు తన కంటి దూలమును మరచెను. మన ప్రభువును వేషధారులను గద్దించెను గదా? గద్దించెను (మత్తయి 23). అయితే అదే అధ్యాయపు చివర యెరూషలేమును కోడి తన పిల్లలను వలె చేర్చుకొనగోరితినని అంగలార్చెను. పరిసయ్యుడైన సీమోను ఇంట భోజనమునకు కూర్చుండెను. వేషమును ద్వేషించుట సత్యమునకు సగము త్రోవ మాత్రమే. వేషధారిని ప్రేమించుట తక్కిన సగము. మొదటి సగములో ఆగిపోయినవానికి చివరకు మిగులునది ఒంటరితనము.

ఈ సత్యమును హోల్డెన్‌కు చెప్పినది ఏ పెద్దవాడును కాదు. ఫీబీ అను పదేండ్ల చెల్లెలు చెప్పెను. నీకు ఇష్టమైనది ఒక్కటి చెప్పుమని ఆమె అడిగెను. వాడు తడబడి చనిపోయిన తమ్ముని పేరు చెప్పెను. వాడు చనిపోయెను గదా అని ఆమె అనెను. జీవించియున్నవారిలో ప్రేమింపదగినవారిని చూపుమని ఆ ప్రశ్నకు అర్థము. ఏ ప్రసంగమునకైనను అది చాలిన మూలవాక్యము.

తన కోరికను అప్పుడు వాడు చెప్పును. రై చేనిలో వేలమంది పిల్లలు ఆడుకొనుచుందురు. చేను అంచున లోతైన లోయ. పరుగెత్తి వచ్చి పడబోవు పిల్లలను పట్టుకొనుచు అచ్చట నిలువవలెనని వాని ఆశ. పుస్తకమునకు పేరు అందువలననే వచ్చెను. తమ్ముని పట్టుకొనలేకపోయినవాడు లోకములోని పిల్లలందరిని పట్టుకొనగోరుచున్నాడు! వెక్కిరింపు క్రింద ఇంత ప్రేమ దాగియున్నదని ఎవరు తలంతురు?

కథ చివర వాడు ఇల్లు విడిచి దూరముగా పోదలచెను. చెల్లెలు తన పెట్టె ఈడ్చుకొనుచు, నేనును నీతో వచ్చెదనని ఎదురు వచ్చెను. అంతట వాని పయనము ఆగిపోయెను. పిదప ఆమెను రంగులరాట్నపు గుర్రముమీద ఎక్కించి, వానలో తడియుచు బల్లమీద కూర్చుండి చూచెను. పిల్లలు గుర్రముమీదనుండి చేయి చాచి ఉంగరమును అందుకొనబోవుదురు. పడిన పడుదురు, వారిని ఆపరాదని అప్పుడు వానికి తోచెను. పిల్లలను కాయుట ఎంత అవసరమో, కొంతమట్టుకు విడుచుటయు అంత అవసరము. మన తల్లిదండ్రులును ఈ సంగతిని ఆలోచింపవలెను.

దేవుడు ఎవరి స్వరము వినెను?

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. అబ్రాహాము 86 ఏండ్లవాడైనప్పుడు ఇష్మాయేలు పుట్టెను. 100 ఏండ్లవాడైనప్పుడు ఇస్సాకు పుట్టెను. ఇస్సాకు పాలు విడిచిన దినమున విందు జరిగెను; ఆ విందు తరువాతనే ఇష్మాయేలు వెళ్లగొట్టబడెను. లెక్కించి చూడగా అప్పటికి ఆ చిన్నవాని వయస్సు 14 ఏండ్లు దాటినది. ఇంచుమించు మన హైస్కూలు పిల్లవాని వయస్సే. వాడు నిర్దోషి అని గ్రంథము చెప్పుటలేదు. వాడు పరిహసించుచుండెనని చెప్పుచున్నది. రొట్టెయు నీళ్ల తిత్తియు ఇచ్చి తల్లిని కుమారుని పంపివేసిరి. బెయేర్షెబా అరణ్యములో నీళ్లు అయిపోగా తల్లి వానిని ఒక పొద క్రింద విడిచి, వింటివేత దూరమున కూర్చుండి ఏడ్చెను.

గమనింపుడి. ఎలుగెత్తి ఏడ్చినది తల్లి. చిన్నవాడు ఏడ్చినట్లు గాని, మాటలాడినట్లు గాని అక్కడ వ్రాయబడలేదు. అయినను దేవుడు విన్నది ఆ చిన్నవాని స్వరమని 17వ వచనము చెప్పుచున్నది. మనకు వినబడని దానిని ఆయన వినెను. ఆ పేరునకు అర్థమే దేవుడు వినునని. మరియు వాడున్న చోటనే వినెను. మంచివాడై తిరిగి వచ్చినప్పుడు కాదు, పరిహాసమునకు క్షమాపణ చెప్పుకొన్న తరువాత కాదు. పొద క్రింద, దాహముతో పడియున్న చోట.

ఇక్కడ మన మొదటి ప్రశ్నకు జవాబున్నది. వినుట తీర్పు కాదు, సమర్థనయు కాదు. తీర్పునకును సమర్థనకును కూడ ముందు జరుగవలసిన పని అది. సంగతి వినకముందు ప్రత్యుత్తరమిచ్చువానికి అది మూఢత యనియు అవమానమనియు సామెతలు 18:13 బోధించుచున్నది. ఆ నవలలో ముసలి చరిత్రోపాధ్యాయుడు హోల్డెన్‌కు మంచి బుద్ధులే చెప్పెను. కాని వాడు తప్పిన పరీక్ష కాగితమును వాని ఎదుటనే బిగ్గరగా చదివి వినిపించెను. మాట సరియైనది, మాట పడిన చోటు పచ్చి పుండు. అందువలన అది చెవిలోనికి పోలేదు.

అయితే దేవుడు విని ఊరకుండలేదు. లేచి చిన్నవానిని లేవనెత్తి చేత పట్టుకొనుమని తల్లికి చెప్పెను. ఆమె కన్నులు తెరచి నీళ్ల బావిని చూపెను. ఆ బావిని ఆమె అంతవరకు చూడలేదు. వినుట, లేపుట, చేయి పట్టుట, నీళ్లు త్రాగించుట. ఇదియే దేవుని వరుస. మనము ఈ వరుసను తలక్రిందులు చేసి, మొదట గద్దించి, పిదప తోలివేసి, చివరకు వినవలెనని చూతుము. అప్పటికి వాడు టోబు దేశము చేరియుండును. మరియొక మాట: ఇష్మాయేలు అబ్రాహాము ఇంటికి తిరిగి రాలేదు. అరణ్యములోనే పెరిగి విలుకాడాయెను. దేవుడు వానికి తోడైయుండెను. మనము గీసిన గీతమీద నడువని కుమారునికి కూడ దేవుడు తోడైయుండగలడు.

మనము చేయవలసినది

2019లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన కొద్ది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. వారిలో ప్రతివాడును ఒక ఇంటి బిడ్డ. కనుక ఇది పుస్తక చర్చ కాదు, ప్రాణముల విషయము. ఫలితములు వచ్చు దినమున మార్కులు అడుగుటకు ముందు అన్నము తిన్నావా అని అడుగుడి. బిడ్డ నోట చావు మాట వచ్చినయెడల బెదరింపని త్రోసివేయక, వెంట ఉండి, వైద్యునికి చూపుడి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. వైద్యునియొద్దకు పోవుట విశ్వాస లోపము కాదు.

సంఘ పెద్దలు మరణము జరిగిన ఇంటికి పోయినప్పుడు పిల్లలను పేరు పెట్టి పలకరింపవలెను. తల్లి సంగతి, తండ్రి సంగతి పిల్లల చెవిని పడునట్లు పలుకరాదు. గుడికి రాని కుర్రవానిని ఎందుకు రాలేదని అడుగక, వాడున్న చోటికి, చెరువు గట్టుకో ఆట స్థలమునకో పోయి కొంతసేపు కూర్చుండవలెను. ప్రభువు 12 ఏండ్లవాడై దేవాలయములో చెప్పిన మాట మరియ యోసేపులకు బోధపడలేదని లూకా వ్రాసెను. అయినను తల్లి ఆ సంగతులన్నిటిని తన హృదయములో భద్రము చేసికొనెను. బోధపడని బిడ్డను కూడ హృదయములో ఉంచుకొనవచ్చును. అంతమాత్రము ఏ తల్లిదండ్రులకైనను సాధ్యము.

ప్రార్థన: హాగరు కుమారుని స్వరము వినిన తండ్రీ, మా ఇండ్లలో మౌనముగా నున్న పిల్లల స్వరము మాకు వినబడనిమ్ము. మా నోటికి కావలి యుంచుము, మా చెవులు తెరువుము. తోలివేయబడినవారిని చేత పట్టుకొను బలమును మాకు దయచేయుము. నీవు చూపు నీళ్ల బావిని చూచుటకు మా కన్నులు తెరువుమని యేసు నామమున వేడుచున్నాము. ఆమెన్.